అవ్వ పెట్టిన పట్టు పోగు పరీక్ష

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు: ఆ రోజుల్లో కొన్నాళ్లపాటు నేను గడ్డం కింద అరచేయి ఆనించుకుని పడుకునేదాన్ని, నిద్రలో నా దవడ ఎటైనా వంగిపోతుందేమోనన్న భయంతో. (డైరీలో కూడా రాసుకోలేదు, దాన్ని చదివేవాళ్లు లేకపోయినా సిగ్గే.) చేతికందిన పుస్తకమల్లా చదివి, ఎముక అంటే రాయిలాంటిదని నమ్మిన పిల్లను. ఆ నమ్మకాన్ని పడగొట్టినవి మా అవ్వ పండ్లు.

నారాయణపేటలో మాది మగ్గాల ఇల్లు. అవ్వకు కింది వరుసలో చివర అటొకటి, ఇటొకటి పన్ను మాత్రమే మిగిలాయి. జొన్నరొట్టెను పులుసులో నానబెట్టుకుని తినడం ఆమెకు చచ్చేంత నామోషీ. "కరకర నమలకుంటే తిన్నట్టా?" అనేది. అందుకని అవ్వ కొడుకు, మా బాపు, మమ్మల్ని మహబూబ్‌నగర్‌లో పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. మైనంతో అచ్చు తీయడానికి ఆయన నోరు తెరవమన్నాడు. మగ్గాల చప్పుడులో పక్కవీధికి వినబడేలా కేకలేసి అలవాటైన అవ్వ గుహలా తెరిచింది. "అంత వద్దమ్మా" అన్నా వినలేదు. బయటికొచ్చాక, "పెద్దమనిషి అడిగినంక కంజూసితనం చేస్తమా?" అంది నాతో.

కట్టుడు పండ్లు వచ్చాయి. నోరు బార్లా తెరిస్తే హాయిగా కూర్చునేవి. మూస్తే మాత్రం వాటిని పట్టి ఉంచే తీగలు చివరి పండ్లు రెండింటినీ పటకారులా లోపలికి నొక్కేవి. మేమంతా రొట్టె తింటుంటే అవ్వ కొత్త పండ్లతో నోరు తెరుచుకుని మమ్మల్ని చూస్తూ కూర్చుంది.

మళ్లీ పోయాం. డాక్టరు తల పట్టుకున్నాడు. "అందుకే వద్దన్న. నోరు పెద్దగ తెరిస్తే కండలు గుంజి కింది దవడ బొక్క వంగుతదమ్మా. కొసలు రెండు జర దగ్గరికొస్తయి, మూస్తే మళ్ల ఎడమైతయి. తెరిచిన నోటికి సరిపోను చేసిన నేను."

"బొక్క వంగుతదా?" అవ్వ బాపు వైపు తిరిగింది. "పని చెడగొట్టి కతలు చెప్తుండు. పా, పోదాం."

రాయిలాంటి ఎముక వంగుతుందా అని నేను డాక్టరు దవడ వైపే చూస్తూ బయటికి నడిచాను.

ఇంటికి రాగానే అవ్వ నన్ను వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టింది. నేతగాళ్ల ఇంట్లో ఏ తగువైనా పోగు బిగువుతోనే తేలాలి. నా నోరు కొంచెమే తెరిపించి, కింది వరుసలో అటూ ఇటూ చివరి దవడ పండ్లకు అడ్డంగా పట్టు పోగు లాగి కట్టి, వేలితో మీటింది. "ఇగ తెరువు, పెద్దగ!" తెరిచాను. పోగు నాలుక మీదికి జారింది.

"అమ్మా, సడలింది!" అన్నాడు బాపు. కొంచెం మూయగానే మళ్లీ బిగిసింది. అవ్వ పోగును ఇంకోసారి మీటి చూసింది. "ఓ నాయినో!" అని తన దవడను రెండు చేతులా పట్టుకుంది. నేను నాది పట్టుకున్నాను.

రెండోసారి అచ్చుకు అవ్వ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "దీని లెక్క తెరుస్త డాక్టరుసాబ్. ఇది మాట్లాడితే పెదవులు గూడ ఇడువయి." అలా నా బెరుకే కొలత అయింది. ఆ పండ్లతో అవ్వ రొట్టె నమిలిన చప్పుడు మగ్గాన్ని మించి వినబడింది.

తర్వాత నాకు బడిలో పంతులమ్మ కొలువు దొరికింది. ఇప్పటికీ తరగతిలో గొంతు పెంచితే చేయి దవడ మీదికి పోతుంది, నాలో నేనే నవ్వుకుంటాను. కొలువుకు బయల్దేరిన రోజు అవ్వ బస్సు దాకా వచ్చింది. అదే చివరి చూపని నాకు తెలియదు. కిటికీలోంచి చేయి పెట్టి నా గడ్డం పట్టుకుంది.

"ఇది ఇరగదు, మనం చూసినం గద. జర పెద్దగ తెరిచి మాట్లాడు బిడ్డా."