నాలుగు నుంచి ఒకటికి

మా బాబాయికి తెలియని విషయమంటూ ఈ జంగ్లీఘాట్ జాలరిపేటలో లేదు. నాన్న మెడకు కుడివైపు గడ్డలు లేచి, గొంతు క్యాన్సర్ అని తేలినప్పుడు ఇక్కడి డాక్టరు స్టేజి నాలుగు అని రాశారు. బాబాయి ఆ కాగితాన్ని హార్బరులో ఎగరేసే తుఫాను సిగ్నల్‌లా చదివాడు. మా వేటోళ్లకు నంబరంటే అదొక్కటే. పెద్దదైతే పడవ కట్టేయాలి, చిన్నదైతే వేటకు పోవచ్చు.

"నాలుగెక్కిందంటే ఇంకేటుంది, ఖతం" అని గుమ్మంలోనే తేల్చేశాడు. సాయంత్రానికి చుట్టాలు దిగారు. నాన్న మంచం మీద కూర్చుని టీ తాగుతుండగానే, ఆయన వలలు ఎవరికి పనికొస్తాయో ఆయన ముందే మాట్లాడుకున్నారు. వాళ్లకు టీలు అందించింది నేనే. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

రెండు వారాల తర్వాత చెన్నై నుంచి ఇంకో పరీక్ష ఫలితం వచ్చింది. ఈ క్యాన్సర్ వైరస్ వల్ల వచ్చిందట. ఆ మాట వినగానే మా అత్త తన గ్లాసు తను తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

అక్కడి డాక్టరు తెలుగాయనే. నాకు ఫోనులో ఓపికగా చెప్పారు. వైరస్ వల్ల వచ్చే రకం వైద్యానికి బాగా లొంగుతుంది కాబట్టి దానికి వేరే కొలత పెట్టారట. పాత కొలతలో నాలుగు, కొత్త కొలతలో ఒకటి. "గడ్డలు మాత్రం అవేనమ్మా. ఒకటి అంటే ఎక్కువమంది బతుకుతారని. ఆ లెక్క వైద్యం చేయించుకున్నవాళ్లను చూసి వేసింది. పైగా మీ నాన్నగారు బీడీలు కాలుస్తారు. వెంటనే తీసుకురండి, రేడియేషన్ మొదలుపెట్టాలి" అన్నారు.

ఇంటికొచ్చి నాలుగు కాదు, ఒకటే అని చెప్పాను. మిగతా ముక్క నోట్లో ఉండగానే బాబాయి అందుకున్నాడు.

"సిగ్నల్ దిగిపోనాది అన్నియ్యా. ఒకటో నంబరుకి ఎవుడైనా పడవ కడతాడేటి? కరెంటు పెట్టించుకుని గొంతు మాడ్సుకుంటావా?"

మొన్న వలలు పంచిన నోరే అది. చుట్టాలంతా తలలూపారు. క్యాన్సర్ మీద తీర్పు చెప్పడానికి వాళ్లకు ఇంకే అర్హతా అక్కర్లేదు.

నాన్న నావైపు చూశాడు. "నువ్వేటంటావమ్మా?"

ఫీనిక్స్ బే రేవులో ఓడ టికెట్ల కౌంటర్‌లో కూర్చుని రోజంతా క్యూలో తోసుకొచ్చేవాళ్లను గదమాయించే నోరు నాది. సెలవు దొరకడం కష్టమైన నెల అది. నేను అడిగిందీ లేదు. "నీ ఇష్టం నాన్నా" అన్నాను. బాబాయి తెలియక వాగాడు. నేను తెలిసి ఊరుకున్నాను. ఇద్దరిలో ఎవరు నీచం అని నన్నడిగితే నేను తడుముకోను.

నాన్న వేటకు పోయాడు. అన్నం మింగుడు పడక గంజిలోకి దిగేదాకా, మూడు నెలలు పోతూనే ఉన్నాడు.

చివరకు చెన్నై తీసుకెళ్లాను. ఆ డాక్టరు మెడ రెండు వైపులా తడిమి చూసి, చాలాసేపు ఏదో రాశారు. ఈసారి ఒకటి అని రాయలేదు.

"ఫోనులో అంత చెప్పాను కదమ్మా, ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?" అని నన్నే అడిగారు.

నేను నోరు తెరిచేలోపే నాన్న ఆ పూడుకుపోయిన గొంతుతో అన్నాడు.

"పిల్ల అంతా సెప్పింది బాబూ. నేనే ఇనలేదు."