గోడ పగులుకు గీసిన గీతలు

ఆగస్టు, రెండో మంగళవారం. మదనపల్లె నుంచి కుప్పం వెళ్లే బస్సు. సీట్లో నేను, నా డైరీ ఉన్న సంచి, నేను పేరు అడగని ఒక అమ్మాయి.

పుంగనూరు దాటాక ఆమె లాప్‌టాప్ తెరిచింది. అందులో ఒక వీధి, దాని కింద సొరంగం, పైన పళ్లెంలా కుంగిన నేల. నేను అటు వంగి చూశాను. బెంగళూరులో మా కూతురి ఇంటి కిందుగా మెట్రో సొరంగం తవ్వుతూ పోయారు. గోడ పైన, కప్పు దగ్గర పగిలింది. ఇల్లు వదిలేయాలేమోనన్న నా భయం ఆమెతో చెప్పాను.

"తవ్వే మిషన్ పోయేటప్పుడు నేల ఎంత కుంగుతాదో మేము ముందే కంప్యూటర్లో లెక్కేస్తాము తాతా. దాటిపోయినాక కుదురుకోవల్ల. పగులు ఇంకా పెరుగుతాండాదా?"

"రెండు కొసల్లో పెన్సిల్ గీత గీయించినానమ్మా. ఆదివారం ఆదివారం కూతుర్నడిగి రాసుకుంటాండా."

డైరీ ఇచ్చాను. మొదటి మూడు వారాలు పగులు పెరిగింది. ఆ తర్వాత పది వారాలు చివరి గీత దాటలేదు.

"నేల కుదురుకునుండాది తాతా. మా ఆఫీసోళ్లు గూడా ఇంత ఒద్దికగా కొలవరు!" అని నవ్వింది. "ఒకసారి ఇంజనీరుకు సూపించండి, సాలు."

మర్నాడు పొద్దున కూతురికి ఫోన్ చేసి, అద్దె ఇల్లు వెతకడం ఆపి ఇంజనీరును పిలవమన్నాను.

"అమ్మయ్య! ఇంక ఆదివారం నిచ్చెన ఎక్కే పని లేదు గదా నాయనా?" అంది.

ఇంకో నెల ఎక్కమన్నాను.