అటక లోపలి రంగు

మా ఫిల్మ్‌నగర్ ఇంటి పై వాటా ఖాళీ చేసేవాళ్లు ఎవరైనా సరే, అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె రంగులకని పట్టుకోవడం నా అలవాటు. మా వీధిలో అందరూ చేసే పనే. తర్వాత రంగులు వేయించినా, వేయించకపోయినా పట్టుకుంటాం. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

ఆ వాటాలో అంతకుముందు అద్దెకున్నాయన సినిమా సెట్లకు రంగులు వేసే పెయింటర్. భార్య, బడికెళ్లే కూతురు. నాలుగేళ్లున్నారు. ఖాళీ చేసే ముందు రెండు రోజులు పని మానుకుని ఇల్లంతా తనే రంగు వేశాడు. ఇల్లు కట్టినప్పుడు నేను వేయించిన లేత పసుపే, తేడా తెలియకుండా కలిపాడు. తాళాలిస్తూ, "కొత్తిల్లు లెక్క చేసిన, జర చూడుండ్రమ్మా" అన్నాడు.

చూశాను. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఆ ఉక్రోషమే కాబోలు, నోటికొచ్చింది అనేశాను. సెట్లో కెమెరాకు కనిపించే మేరకే రంగు వేస్తారని, వెనకంతా ఉత్త చెక్కేనని ఆయనే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. ఆ మాటే ఆయన మీదికి తిప్పాను.

"సెట్టింగుల రంగే కదా బాబూ ఇది? షూటింగ్ అయ్యేదాకా ఉంటే చాలు మీకు. నాలుగు వానలకు గోడ చెమ్మగిల్లితే పెచ్చులూడిపోతుంది. మళ్లీ నేనే వేయించుకోవాలి."

ఆయన మొహం మాడిపోయింది. "గిట్లంటే ఎట్లమ్మా? మధురానగర్‌ల ఇల్లు మాట్లాడుకున్న. పొద్దుగూకేలోపల అడ్వాన్స్ మొత్తం కట్టకపోతే వేరేటోళ్లకు ఇస్తరు. పిల్ల బడి గాడనే ఉంది."

"రూలు రూలే" అన్నాను, పెద్ద కలెక్టరమ్మలా. భార్య ఏదో అనబోతే ఆయనే చెయ్యి పట్టి ఆపాడు. ఇచ్చినంత తీసుకుని వెళ్లిపోయారు.

రంగులు వేయించలేదు. వానాకాలం వచ్చి వెళ్లింది. గోడ మీద ఒక్క పెచ్చు లేవలేదు. అయినా నేను అంత తేలిగ్గా తప్పు ఒప్పుకునే మనిషినా?

కొత్తగా దిగినవాళ్లు అటక మీద సామాను సర్దుతూ, "లోపల కూడా భలే వేయించారండీ" అన్నారు. స్టూలెక్కి టార్చి వేసి చూశాను. పడుకుని పాకితే తప్ప చెయ్యి అందని మూల దాకా రెండు కోట్లు వేసి ఉంది. ఇల్లు కట్టినప్పుడు ఆ లోపల రంగు వేయించలేదు. ఎవరు చూడొచ్చారులే, వదిలెయ్యమని మేస్త్రీకి చెప్పింది నేనే.

స్టూలు దిగి ఫోన్ చేశాను. మధురానగర్‌లో ఇల్లెక్కడో చెబితే డబ్బు తెచ్చిస్తానన్నాను.

"ఆ ఇల్లు దొరకలేదమ్మా. టోలిచౌకి అవతల ఒక్క రూముల ఉంటున్నం. పిల్లను బడి మార్చినం" అన్నాడు మామూలుగానే.

సిగ్గుతో చచ్చిపోయాను. డబ్బు పంపుతానంటే సరేనన్నాడు. ఆ పిల్ల పాత బడి మాత్రం నేను ఎక్కణ్నుంచి తెచ్చిస్తాను? ఫోన్ పెట్టేయబోతూ ఆయనే అడిగాడు. "వానకు రంగేమన్న లేచిందా అమ్మా? లేస్తే చెప్పుండ్రి, ఆదివారం వచ్చి వేసిపోత."

"ఒక్క పెచ్చు లేవలేదు బాబూ, అటక లోపల కూడా" అన్నాను.