కారులో పరిచిన జంపఖానా

యుద్ధం రోజుల్లో జంపఖానాలు బాగా అమ్ముడుపోయి నా కళ్లు నెత్తికెక్కాయి. లేకపోతే వరంగల్ కొత్తవాడలో, మగ్గాల చప్పుడు మధ్య, ఎడ్లబండి తిరగడానికే చోటు చాలని సందులో ఉంటూ అమెరికా కారు కొనవలసిన అవసరం నాకేమొచ్చింది? యుద్ధం అయిపోయాక పట్నంలో ఒక కంట్రాక్టరు తన పాత కారు వదిలించుకోవాలని చూస్తున్నాడని విని, ఎవరూ అడక్కపోయినా వెళ్లి కొనుక్కొచ్చాను. గేర్లు తనంతట తానే మార్చుకునే కారు అది. క్లచ్ ఉండదు. ఎక్సిలేటరు మీద కాలు పెడితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది.

"నీ అసుంటోని కోసమే చేసిన్రు బావా" అంది నా భార్య. అప్పట్లో దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

జంపఖానా పరవకుండా మనిషిని కూర్చోబెట్టడం మా నేతవాళ్ల ఇళ్లల్లో పరువు తక్కువ. కారులో వట్టి ఇనుప రేకు మీద కాళ్లు పెట్టుకోవడం నాకు నామోషీ అనిపించింది. దుకాణంలో గుట్టలకు గుట్టలు ఉన్నా, ఈ కారుకు నా చేత్తో నేసిందే ఉండాలని పట్టుబట్టి, గల్లా ముందు కూర్చోవడానికి అలవాటుపడ్డ వాణ్ణి ఏళ్ల తర్వాత మళ్లీ మగ్గం ఎక్కాను. ఎర్ర చారల జంపఖానా నేసి డ్రైవరు కాళ్ల దగ్గర పరిచాను. కారు చూడటానికి వచ్చినవాళ్లందరికీ ఇంజను కన్నా ముందు దాన్నే చూపించేవాణ్ణి.

పట్నం నుంచి నల్లేరు మీద బండిలా వచ్చిన కారు, కొత్తవాడ నీళ్లు పడలేదో ఏమో, ఆ తర్వాత పేచీ మొదలుపెట్టింది. కదిలేటప్పుడు ఒక తన్ను, గేరు మారినప్పుడల్లా ఇంకో తన్ను. ఎక్సిలేటరు మీంచి కాలు తీసినా ఇంజను గర్జిస్తూనే ఉండేది. అది దాని బలమనుకుని మురిసిపోయాను.

ఆ రోజుల్లోనే మా మేనత్తకు రెండు కళ్లూ మసకబారిపోయాయి. ఆమె నాకు అత్తగారు కూడా. చిన్నప్పుడు నాకు మగ్గం నేర్పిందీ, తప్పు నేసినప్పుడల్లా వేళ్ల మీద కొట్టిందీ ఆమే. చూపు పోయాక మగ్గం దగ్గర కూర్చుని పోగులు తడుముతూ ఉండేది. హనుమకొండ దవాఖానలో ఒక కంటికి ఆపరేషన్ చేస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

"ఆపరేషన్ అయినంక తల అదరొద్దంట. ఎడ్లబండిల ఇంటికొచ్చేసరికి కన్ను ఊడి చేతిల పడ్తది. నేను పోను."

"నా కారు ఉన్నది గదా అత్తా. ఉయ్యాల్ల పండుకున్నట్టు తీసుకొస్త" అన్నాను.

ఆ మాట నమ్మి ఆమె ఆపరేషన్‌కు వెళ్లింది. కట్టు కట్టిన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకెళ్లేటప్పుడు గట్టి కుదుపు తగిలితే కన్ను దక్కదని చెప్పింది. మాట ఇచ్చేటప్పుడు కారు తన్నే సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

లారీలు బాగుచేసే మిస్త్రీని పిలిపించాను. కారు కింద దూరి, బానెట్ ఎత్తి, నూనె చూసి అంతా మంచిగనే ఉందన్నాడు. లోపల కూర్చుని ఒకసారి నడిపి చూడమంటే రెండడుగులు వెనక్కి వేశాడు.

"గింత మంచి జంపఖానా మీద ఈ మసి కాళ్లు పెట్టుమంటవా సేటు? పాపం తాకుతది."

నా నేతకు దక్కిన ఆ గౌరవానికి పొంగిపోయి, ఇక బలవంతపెట్టలేదు.

మిగిలింది సొంత వైద్యం. వెనక సీట్లో నా భార్యను కూర్చోబెట్టి, చేతికి నిండు చెంబు ఇచ్చి, ఖిలా చుట్టూ తిప్పాను. నీళ్లన్నీ ఆమె చీర మీదే. కుదుపుకు మాకు తెలిసిన మందు ఒక్కటే, మెత్తగా పరవడం. ఎర్ర చారల దాని మీద ఇంకొకటి వేశాను. కుదుపు పెరిగింది. అమెరికాను తిట్టుకుంటూ, పరుపు చాలలేదనుకుని మరొకటి వేశాను. నా మోకాళ్లు స్టీరింగుకు తగిలే ఎత్తుకు వచ్చాయి గానీ కారు తన్నడం మానలేదు.

"ఇగ చెంబు నువ్వు పట్టుకో, బండి నేను నడిపిస్త" అంది తను, కొంగు పిండుకుంటూ.

అత్తను ఇంటికి పంపించే రోజు వచ్చింది. ఆమెను పడుకోబెట్టడానికి వెనక సీటు ఎత్తుపల్లాలుగా ఉందని, నా భార్య నన్ను అడక్కుండానే ముందున్న జంపఖానాలన్నీ లాగేసి వెనక పరిచింది. వట్టి రేకు మీద కాళ్లు పెట్టి, పరువు పోయిందని సణుగుతూ, కారు కదిలించాను. తన్ను పడలేదు. గేరు మారింది, పడలేదు. సగం దారి దాటాక వెనక నుంచి అత్త గొంతు వినిపించింది.

"ఇంక ఎప్పుడు బయల్దేరుదం బిడ్డా?"

ఇదంతా నా చేతి పనితనమేనని వాడంతా చెప్పుకున్నాను. మర్నాడు జంపఖానాలు యథాస్థానంలో పరిచి బయల్దేరితే కారు మళ్లీ తన్నింది. అప్పుడైనా బుర్ర వెలగలేదు. పెద్దల పట్ల దీనికి భక్తి ఎక్కువ కాబోలు అనుకున్నాను.

కట్టు విప్పి, మందపాటి కళ్లద్దాలు ఇచ్చాక, అత్త మొదటిసారి మా వాకిట్లోకి నడిచి వచ్చింది. నేను పైనున్న జంపఖానాలు దులపడానికి తీసి, ఇంజను ఆపకుండా పక్కన నిలబడి ఉన్నాను. ఆమె కారు తలుపులోంచి లోపలికి వంగింది.

"ఇది ఎవలు నేసిన్రు?"

"నేనే అత్తా" అన్నాను, ఛాతీ విరుచుకుని.

"అనుకున్న. అంచు జూడు, ఎట్ల ముడుసుకోని లేసిందో. పోగు బిగ గుంజకురా అని చిన్నప్పటి సంది చెప్తనే ఉన్న."

అంటూనే అలవాటు కొద్దీ ఆ అంచు పట్టుకుని తన వైపు లాగి సాపు చేసింది. గర్జిస్తున్న ఇంజను చప్పున తగ్గి, మెల్లగా కొట్టుకోసాగింది. నేను వంగి చూశాను. ముడుచుకున్న అంచు ఇన్నాళ్లూ ఎక్సిలేటరు మీదికెక్కి దాన్ని తొక్కి పట్టింది. పైన ఒక్కొక్కటి వేసినకొద్దీ ఇంకా గట్టిగా తొక్కింది. ఇంజను ఆ ఊపులో ఉండగా గేరు పడితే కారు తన్నక ఏం చేస్తుంది? నేను అమెరికాను తిట్టిన తిట్లన్నీ నాకే చెందాయి.

"బండి సంగతి ఇడిసిపెట్టు బావా" అంది నా భార్య, కళ్లు తుడుచుకుంటూ. "అమ్మకు పోగు అగుపడ్డది."

నాకు సిగ్గూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అత్త ఇంకా వంగే ఉంది. "ఇగో, ఈడ గూడ తప్పింది. ఈడ గూడ" అంటూ వేలితో చూపిస్తోంది. నేను ఇంజను ఆపి, జంపఖానా మొత్తం బయటికి లాగి, ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, ఇంకా ఎక్కడెక్కడ తప్పానో చూడమని ఒళ్లో పరిచాను.