గురువుగారికి నేను పెట్టిన తోక

గురువుకు తోక ఉందన్న వార్తను నాకు మొదట మోసుకొచ్చింది మా సుగుణ పిన్ని. ఆ వార్తను పట్టుకుని నేను చేసిన ఘనకార్యానికి మా నాయన పరువు స్వర్ణముఖిలో కొట్టుకుపోవలసింది. ఆ ఏడు ఏట్లో మోకాటిలోతు నీళ్ళే ఉండబట్టి సరిపోయింది.

కంగారు పడకండి, గురువంటే పాఠం చెప్పే గురువు కాదు. ఆకాశంలో ఉండే గురుగ్రహం. అమెరికా వాళ్ళు పంపిన నౌక దాని పక్కగా దూసుకుపోయిన రోజులవి. పిన్ని తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. ఆదివారం వస్తే కాళహస్తి బస్సెక్కి మా ఇంటికొచ్చేది. నేను బడి మెట్టు ఎక్కలేదు. అక్షరాలు నాయన నేర్పినాడు, మిగతా లోకమంతా పిన్ని నేర్పింది.

మాది కలంకారీ ఇల్లు. నాయన గీత గీస్తే నేను రంగు నింపాలి. ఏడేళ్ళు నింపినాక, నాకు పందొమ్మిదో ఏట, నాయన తొలిసారి వెదురుకలం నా చేతికిచ్చినాడు. నవగ్రహాల గుడ్డ అది, సూర్యుడు నడుమ, తక్కినవాళ్ళు చుట్టూ. చిత్తూరు జవుళి శెట్టిగారి మనవరాలి పెళ్ళిలో మండపం వెనక కట్టడానికి. నాయన చింతబొగ్గుతో బొమ్మలు వేసి, "దీని మీద నల్లగీత నువ్వే దిద్దు. గీత తప్పినావంటే మళ్ళీ రంగులు పూసే పనే" అన్నాడు.

ఆ రోజు ఆదివారం. పిన్ని గుమ్మంలో చెప్పులైనా విడవకుండా అరిచింది.

"మే రత్నా, గురువుకు తోక ఉండాదంట!"

"ఆంజనేయస్వామికి ఉన్నట్టా పిన్నీ?"

"వెంట్రుకల తోక కాదు మే. గురువు పెద్ద అయస్కాంతం. దాని చుట్టూ లాగేగీతలు ఉంటాయి. కంటికి కనబడవు. సూర్యుడి కాడ నుంచి ఒక మాదిరి గాలి వీస్తా ఉంటాది, అది ఆ గీతల్ని సాగదీసి సాగదీసి తోక చేసినాది. శని తిరిగే దారి దాకా పోతాదంట!"

"శని దాకానా!" అన్నాను. నా చెవులు ఆ ముక్క దగ్గరే ఆగిపోయాయి. కనబడవన్న మాట, గాలి మాట ఆ చెవులు దాటి ఎటు పోయాయో ఆ వాయుదేవుడికే తెలియాలి.

పిన్ని నా కలానికి చుట్టే దారాలు రెండు తీసి పక్కపక్కన పరిచింది. "ఇది పైగీత, ఇది కిందిగీత. నడుమన నొక్కుకోని రెండూ తాకినాయంటే తెగతాయి. తెగి ఊరుకోవు, జతలు మార్చుకోని మళ్ళా అతుక్కుంటాయి. ఈ పక్కది సర్రున గురువు కాడికి వెనక్కొస్తాది. ఆ పక్కది ముద్దగా ఊడి దూరంగా పోతాది. ఇట్లా జరగతాదని పెద్దోళ్ళు లెక్కలు కడతా ఉండారు."

మరునాడు నాయన గుడ్డ నానబెట్టే కరక్కాయలకని బజారుకు పోయినాడు. నేను గురువుకు తోక పెట్టినాను.

ఏం తోకనుకున్నారు! రెండు గీతలు జంటగా, ఏనుగు తొండమంత ఠీవిగా, పైవరుసలో గురువు నడుము నుంచి బయలుదేరి పక్కవరుసలో శనిగారి కాకి దాకా. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరబెట్టి చేసే నలుపు మాది. గుడ్డకు తగిలిందంటే గుడ్డ చిరగాల్సిందే తప్ప గీత పోదు.

నాయన వాకిట్లో అడుగుపెట్టేసరికి వెనకే శెట్టిగారు కూడా దిగినాడు. గుడ్డ చూసి చేతులు జోడించినాడు. తరవాత కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమప్పా మునెయ్యా, గురువు పంచె జారిపోయినాదా?" అని నాయనను అడిగినాడు.

"పంచె కాదండీ, తోక" అన్నాను గర్వంగా. "అమెరికా వాళ్ళు కనిపెట్టినారు. శని దాకా ఉంటాదంట."

"అమెరికావోళ్ళకి ముహూర్తాలుండాయా తల్లీ? మా పిల్లకు గురుబలం వచ్చినాదని నేను మురిసిపోతా ఉంటే, గురువు తోక తీసి శని చేతిలో పెడితివే! మగపెళ్ళివారు సూస్తే మండపం దిగి పోతారు! నాకొద్దప్పా ఈ గుడ్డ."

నాయన తోకను చూసినాడు, నన్ను చూసినాడు, చెయ్యి చాపినాడు.

"కలం ఇట్లియ్యి."

ఏడేళ్ళు ఎదురుచూసిన కలం. చేతికొచ్చి రెండు రోజులైనా కాలేదు.

"నాయనా, ఒక్క నిమిషం. తోక తెంపేస్తాను."

"ఈ నలుపు చెరిగేదేనా?"

"చెరపను. అతికిస్తాను."

కాళహస్తీశ్వరుణ్ణి తలచుకుని గుడ్డ మీదికి వంగినాను. తోక నడిమధ్యన రెండు గీతల్నీ నొక్కిపట్టేలా ఒక నల్లకలువ వేసినాను. ఇటుపక్క పైగీతను కిందిగీతకు కలిపితే, అది గురువుగారి భుజం వైపు తిరిగే ఉత్తరీయమైంది. అటుపక్క కూడా అట్లాగే కలిపితే, ఊడిన ముక్క శని కాకికి తోకైంది. నెమళ్ళు సిగ్గుపడేంత తోక.

శెట్టిగారు కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకున్నాడు. "అంటే... శని పట్టుకుంటే, గురువు తెంపుకోని వచ్చేసినాడా?"

నేను తలొంచుకుని కలువకు ఇంకో రేకు దిద్దినాను.

"అబ్బా! గురుబలమంటే ఇదప్పా! మునెయ్యా, మా తమ్ముడికీ ఒకటి రాయించు. దాంట్లో కూడా తెగాల!"

నాయన కలం నా చేతిలో పెట్టి, "కాకి తోక శానా పొడుగైనాది" అన్నాడు. మా నాయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు, తరవాతైనా.

మళ్ళీ ఆదివారం పిన్ని వచ్చింది. ఆరేసిన గుడ్డ పక్కన నేను పెళ్ళికూతురిలా నిలబడినాను.

"తెగేది, అతికేది తప్పు లేకుండా వేసినావు మే! బోర్డు మీద నేను కూడా ఇంత బాగా వెయ్యలేదు. అయితే, సూర్యుడు యాడుండాడు?"

"నడుమ."

"గాలి యాడ నుంచి వీస్తాది?"

"...సూర్యుడి కాడ నుంచి."

"అట్లయితే తోక అంచు పక్కకి, బయటికి పోవాల గదా! నువ్వు సూర్యుడి ముక్కు ముందర నుంచి లాగినావు, ఎదురుగాలిలో! వాయులింగం ఉండే ఊర్లో పుట్టి గాలిని మరిచిపోతివే!"

ఆ రోజే గుడి గోపురం వైపు తిరిగి చెంపలేసుకున్నాను. స్వామీ, ఈ జన్మలో గాలి ఎటు వీస్తోందో అడగకుండా ఏ గ్రహానికీ తోక పెట్టను. నేటికీ ఆ మాట తప్పలేదు.

పిన్ని ఇప్పుడు లేదు. ఏ సాయంత్రమైనా ఆకాశంలో గురువు తళుక్కుమంటే, బడికి పోని ఒక పిల్ల కోసం వారం వారం బస్సెక్కి వచ్చిన మా సుగుణ పిన్నిని ఒక్కసారి తలచుకోండి. తోక కోసం మాత్రం వెతకకండి. అది కంటికి కనబడదని ఆమె మొదటిరోజే చెప్పింది. విననిది నేను.