ఎడమవైపు చక్రం

నాకంటే అయిదేళ్లు వెనక పనిలో చేరినవాడికి మా ఉస్తాద్ తన చాయ్‌లో సగం సాసరులో పోసి జరిపిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. అంతకుముందు ఆ సగం నాది. ఉస్తాద్ కప్పులో తాగేవారు, నేను సాసరులో తాగేవాణ్ణి, మధ్యలో మాటలుండేవి కావు. ఆ రోజు సాసరు నా ముందునుంచే జరిగి వాడి దగ్గరికి పోయింది. నేను లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను. చేతులకు మరకేమీ లేదు.

అరవైల మొదట్లో సంగతి ఇది. వరంగల్ స్టేషన్ దారిలో మా ఉస్తాద్‌కు రేకుల షెడ్డు ఉండేది. ఆయన హైదరాబాదులో ఒక నవాబుగారి కార్ల దగ్గర పని నేర్చుకుని, పోలీసు చర్య తర్వాత ఇటు వచ్చి స్థిరపడ్డారు. లారీలూ జీపులూ ఎన్ని వచ్చినా షెడ్డుకు పేరు తెచ్చింది ఒక్క బండి, హనుమకొండ డాక్టరమ్మగారి అమెరికా కారు. లేత ఆకుపచ్చ రంగు, ముందు వెండిలా మెరిసే పళ్ల వరస, లోపల మంచమంత వెనక సీటు. వాళ్ల నాన్నగారు ఎవరో జాగీర్దారు దగ్గర కొన్నది. ఆమె దాంట్లోనే పరకాల వైపు ఊళ్లకు పురుళ్లు పోయడానికి వెళ్లేవారు. అది మా షెడ్డుకు వచ్చిన రోజు పక్క హోటలువాళ్లు పని మానేసి వచ్చి చూసేవాళ్లు.

ఆ బండిని ముట్టుకోవాలంటే వేరే పానాలు కావాలి. మామూలు పానా పెడితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతుంది. దానికి సరిపోయే అమెరికా పానాల పెట్టె జిల్లా మొత్తంలో మా ఉస్తాద్ దగ్గర ఒక్కటే ఉండేది. లోపల ఎర్ర మఖ్మల్ గుడ్డ, ఒక్కో పానాకు ఒక్కో గుంట. పెట్టె ఎవరి చేతిలో ఉంటే డాక్టరమ్మ బండి వాళ్లది, షెడ్డు వాళ్లది, ఉస్తాద్ అన్న పిలుపు వాళ్లది. ఎనిమిదేళ్లుగా నేను ఆ పెట్టె మీదే కళ్లు పెట్టుకుని బతికాను.

విదేశీ సామాను రావడం అప్పటికే బంద్ అయింది. కాబట్టి బండికి ఏది పోయినా వెతికి తేవడం నా పని. హైదరాబాదు పాత సామాన్ల బజార్లలో ఇనుప గుట్టలు తవ్వి చిన్న స్ప్రింగు కోసం రెండు రోజులు తిరిగినవాణ్ణి. పరకాల దగ్గర ఒక పిండి గిర్ని ఇలాంటి కారు ఇంజనుతోనే నడుస్తోందని ఎవరో చెబితే పోయి కార్బురేటర్ మూత తెచ్చినవాణ్ణి. నేను తెచ్చేవాణ్ణి, బిగించేవాడు ఆ వెనక చేరినవాడు, మెచ్చుకోళ్లూ వాడికే.

వాడి ఊరు ధర్మసాగర్. రైతు బిడ్డ. పొలంలో నీళ్ల ఇంజను తిప్పి తిప్పి చెవి తయారైంది. కర్రపుల్ల ఒక కొన ఇంజను మీద, ఇంకో కొన చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "మూడో సిలిండర్ సరిగ కొడ్తలేదు ఉస్తాద్," అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. డాక్టరమ్మ కూడా కారు దిగుతూనే, "ఆ పుల్ల అబ్బాయి లేడా?" అని అడిగేవారు. ఎదురుగా నేను నిలబడి ఉండేవాణ్ణి. కడుపు మండేది. మా చర్చిలో పాస్టరుగారు అసూయ మీద ప్రసంగం చేస్తుంటే నేను వెనక బల్ల మీద కూర్చుని ఆ పుల్లను ఎలా మాయం చేయాలా అని ఆలోచించేవాణ్ణి.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఉస్తాద్ ప్రతివాడికీ చెప్పరు. పెద్ద శాగిర్దుకు, అంటే ముందు చేరిన శిష్యుడికి, నేర్పుతారు. వాడు తన తర్వాతివాడికి నేర్పాలి. అలా నాకు ఆయన చెప్పిన వాటిలో ఒకటి ఆ కారు ఎడమ చక్రాల సంగతి. లోకంలో ఏ నట్టయినా ఎడమకు తిప్పితే ఊడుతుంది. ఆ బండికి కుడివైపు చక్రాలు అలాగే ఊడతాయి. ఎడమవైపువి మాత్రం ఉల్టా, కుడికి తిప్పాలి. తెలియనివాడు బలం పెట్టే కొద్దీ ఇంకా బిగుసుకుపోతాయి. వాడికి అన్నీ నేర్పాను, ఇది ఒక్కటి నేర్పలేదు. మూడేళ్లు ఎడమ చక్రాలన్నీ నేనే విప్పాను. పంక్చరయినా సరే, వాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. నాకంటూ మిగిలింది అదొక్కటే అనిపించేది.

ఉస్తాద్‌కు చూపు తగ్గింది. ఒక ఉదయం మా ఇద్దరినీ కూర్చోబెట్టారు.

"ఈ బండి బ్రేకులు చేసినంక పెట్టె ఇచ్చేస్త. ఎవలికిచ్చేది మీ పనే చెప్తది," అన్నారు. చెబుతూ వాడి వైపే చూశారు. నాకు అలాగే అనిపించింది.

నన్ను కుడివైపు చూడమన్నారు, వాణ్ణి ఎడమవైపు. ఉస్తాద్ నమాజుకు వెళ్లారు. నేను నా చక్రం విప్పి పక్కన పెట్టాను. అటువైపు వాడు మూలుగుతున్నాడు. కాసేపటికి బండి కింది నుంచి వాడి మొహం కనిపించింది.

"అన్నా, నట్లు జర గూడ కదుల్తలేవు. అన్ని బండ్ల లెక్కనే తిప్పాలె గద?"

నేను తల ఎత్తలేదు. "ఆ, తిప్పు," అన్నాను.

వాడు పానాకు పొడుగు పైపు తగిలించాడు. పైపు మీద ఎక్కి నిలబడ్డాడు. టక్కుమని ఒక చప్పుడు, కొంచెం ఆగి ఇంకొకటి. రెండు బోల్టులు మొదలంటా తెగి పడ్డాయి. దాచుకోను, నాకు సంతోషమేసింది. ఎనిమిదేళ్లలో అంత తియ్యటి చప్పుడు వినలేదు.

ఉస్తాద్ వచ్చి తెగిన ముక్కలను వేళ్లతో తడిమి చూశారు. "యాడికెల్లి తేవాలెరా ఇవి? ఉల్టా తిప్పాలని మీ అన్న చెప్పలేదా నీకు?"

వాడు నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. అప్పుడే వాడికి అంతా అర్థమైపోయింది.

"చెప్పిండు ఉస్తాద్. నేనే మర్చిన," అన్నాడు.

ఉస్తాద్ వాడి చెంప మీద కొట్టారు. నేను నా చక్రం వైపు తిరిగాను.

ఖరాదు పట్టేవాడి దగ్గర లేత్ మీద రెండు బోల్టులు చేయించాం. మెత్తటి ఇనుము. బిగిస్తుంటేనే మరలు అరిగాయి. వాటితో డాక్టరమ్మను రోడ్డెక్కిస్తే చక్రం ఊడిపోతుంది. ఊళ్లల్లో పురుళ్లకు ఆమె కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. బండి మూడు రోజులుగా రాళ్ల మీద ఉంది. అప్పుడు నాకు పరకాల గుర్తొచ్చింది. గిర్నికి ఇంజను ఇచ్చిన ఆ కారు ఇరుసు, చక్రాలు ఒక రైతు ఎడ్లబండి కింద ఉండడం నేను చూశాను. మెత్తటి బోల్టులు మళ్లీ రెండు కొత్తవి చేయించి సంచిలో వేసుకుని బస్సెక్కాను.

రైతు పెద్దాయన. వడ్ల బస్తాలు దించుకుంటూ నా గోడు విన్నాడు. డాక్టరమ్మ పేరు చెప్పగానే బస్తా కింద పెట్టాడు. తన కోడలు కాన్పు ఆమే చేసిందట.

"నా ఎడ్లు ఉరుకుతయా ఏంది? నీ మెత్తయి నాకేసి, గట్టియి పట్కపో," అన్నాడు.

నేను సంచిలోంచి పానా తీసేలోపే ఆయన తన పానా తెచ్చి ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాడు. నట్టు మీద పెట్టి కుడికి తిప్పుతూ నాకు చూపించాడు.

"ఈ దిక్కు ఉల్టా తిప్పాలె బిడ్డా. యాదుంచుకో. తెల్వక మేం రెండు దినాలు చచ్చినం."

ఆయనకు నేను ముక్కూ మొహం తెలియనివాణ్ణి. నేను అడగనైనా లేదు. నేను మూడేళ్లు దాచింది ఆయన ఒక్క నిమిషంలో చెప్పేశాడు. నాకు తెలుసు అని చెప్పలేక తలూపాను.

బోల్టులు వచ్చాయి, బండి లేచింది, డాక్టరమ్మ వెళ్లారు. ఆ వారంలోనే ఉస్తాద్ పెట్టె నా చేతుల్లో పెట్టారు. "విరగ్గొట్టేటోడు ఒకడు, తెచ్చేటోడు ఒకడు," అన్నారు. వాడు పక్కనే నిలబడి విన్నాడు. మొహంలో ఏమీ కనిపించలేదు. ఆ శాంతం చూసి కూడా నాకు కుళ్లు పుట్టింది. పెట్టె నాదైనా సరే, వాడి ముందు నేను చిన్నవాణ్ణే అయ్యాను.

నాలుగు రోజులు ఓర్చుకుని, ఉస్తాద్ లేనప్పుడు అడిగేశాను.

"అబద్ధం ఎందుకు చెప్పినవ్‌రా? నా పేరు చెప్తే పెట్టె నీకే వస్తుండె."

వాడు మళ్లీ పనికి వచ్చిన డాక్టరమ్మ బండి కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాలేదు. గొంతులో కోపం లేదు.

"చెప్తే ఉస్తాద్ నిన్ను ఆ పూటనే ఎల్లగొడ్తుండె. బోల్టులు యాడ దొర్కుతయో నీకు తప్ప ఎవలికెరుక? బండి లేవాలె గద."

నేను పెట్టె గురించి ఏడ్చినన్నాళ్లూ వాడు బండి గురించి ఆలోచించాడు. బండి కింది నుంచి నల్లటి నూనె మరకల చెయ్యి ఒకటి బయటికి చాచాడు.

"చిన్న పానా ఇయ్యుండ్రి, ఉస్తాద్."

ఇచ్చాను. ఆ తర్వాత ఆరేళ్లు నా దగ్గరే పనిచేశాడు. ఒక్కసారి కూడా నన్ను అన్నా అని పిలవలేదు.