చూసినాలేమ్మా

ఒక మాట తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. ఐదే ఐదు అక్షరాలు. ఇంజిన్లు దించి ఎత్తిన ఒళ్ళు నాది, అయినా ఈ ఐదు అక్షరాలు దించుకోవడం నా వల్ల కాలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. నెల్లూరు దాటి దక్షిణంగా వస్తే, వెంకటాచలం దగ్గర హైవే పక్కన ఉన్న మెకానిక్ షెడ్లలో ఒకటి నాది. అంతవరకు చాలు. నా మీద జాలి మాత్రం పడకండి. ఈ తొమ్మిదేళ్ళూ నేను కుమిలిపోయానని అనుకుంటున్నారేమో, అదేం లేదు. వేళకు తిన్నాను. గుర్రు పెట్టి నిద్రపోయాను. చేపల పులుసులో మామిడికాయ తక్కువైందని ఇంట్లో గిన్నెలు ఎగరేశాను. తప్పు చేసినవాడికి అన్నం సహించదని ఎవడు చెప్పాడో గానీ, వాడు ఎప్పుడూ తప్పు చేసి ఉండడు.

ఆమెను వసంత అందాం. అసలు పేరు అది కాదు. పులికాట్ సరస్సు పక్క పల్లె. చేపలు పట్టే ఇంటి పిల్ల, చేపలు పట్టే ఇంటికే కోడలైంది. పెళ్ళయ్యాక స్టీరింగ్ పట్టింది. సరస్సు రేవు నుంచి చెన్నై మార్కెట్టుకు ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని వ్యాను నడిపేది. పదేళ్ళు నడిపింది, ఒక్క గీత పడకుండా. ఆ వ్యాను నా షెడ్డుకే వచ్చేది. అది వచ్చిందంటే నేను ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాణ్ణి. వాసన భరించలేక అనుకునేరు. ఆమె చూడాలని కట్టుకునేవాణ్ణి. మాది వరి పండించే ఇల్లు. నాకు ఎకరా నేల మిగల్లేదు, చేతినిండా గ్రీసు తప్ప. అయినా ఆ పొగరు మాత్రం చావలేదు.

అలాంటి వసంత ఒకరోజు ఎర్ర కారులో దిగింది. రెండు తలుపులు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. చెన్నైలో సముద్రం ఒడ్డున బంగళా ఉన్న ఎవడో సరదాకి కొని, సరదా తీరాక మూల పడేసిన స్పోర్ట్స్ కారు, పాత ఇనుము ధరకు ఈమె కొనుక్కొచ్చింది. ఇలాంటి కార్లంటేనే నాకు అసహ్యం. గతుకు వస్తే కడుపు గీసుకుంటుంది, వాన వస్తే మూలుగుతుంది, రోడ్డు మీద పోయే ప్రతి వెధవా తిరిగి చూడాలని మాత్రం గుర్రుమంటుంది. అందులో నుంచి చేపల వ్యాను ఆమె దిగితే నాకెలా ఉంటుంది? నవ్వొచ్చింది. నవ్వుతోపాటు ఇంకొకటి కూడా వచ్చింది. దాన్ని అసూయ అనడానికి అప్పట్లో నాకు నామోషీ.

ఆ కారేసుకుని ఎక్కడికి పోతావని అడిగితే చెప్పింది. ఇక్కడి నుంచి కడప మీదుగా అడ్డంగా గోవా దాకా, అక్కణ్ణుంచి ఒడ్డు పట్టుకుని పైకి గుజరాత్ దాకా. ఆమె, మొగుడు శీను, ఇద్దరే. తొమ్మిదేళ్ళ కూతుర్ని అమ్మ దగ్గర వదిలి పోతారట. "మా సముద్రంలో పొద్దు లేవడమే చూసినానన్నా, పుట్టినకాణ్ణించి. ఆ పక్క సముద్రంలో మునుగుతాదంట గదా. అది చూడాల," అంది. పొద్దు మునగడం చూడ్డానికి దేశం దాటాలా? మా షెడ్డు వెనక చెరువులో రోజూ మునుగుతుంది, ఎవరూ టికెట్టు అడగరు. ఆ మాటే అన్నాను. షెడ్డు ఎదురుగా టీకొట్టు దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆమెకు కోపం రానందుకు నాకు కోపం వచ్చింది.

రెండు వారాలు తయారీ. సాయంత్రం లోడు దించి వచ్చి నా పక్కనే నిలబడేది. ఆయిలు ఏది పోస్తున్నావు, టైర్లు ఏ ఏడాదివి, ఫ్యాను బెల్టు ఇంకోటి వెంట తీసుకుపోవాలా, ఇవే ప్రశ్నలు. అన్నీ సరైన ప్రశ్నలే, అదే నా బాధ. తెలివితక్కువ ప్రశ్న ఒక్కటి అడిగి ఉంటే ఆమెను క్షమించేవాణ్ణేమో!

ఆ మధ్యలోనే ఒకటి జరిగింది. కారు కింద చూడాలంటే షెడ్డులో ఉన్న గుంత మీదకి ఎక్కించాలి. అంత పొట్టి కారు గుంత అంచు దాటడం లేదు. నేను ముందుకు తీశాను, వెనక్కి తీశాను, కింద గర్రుమని గీసింది, బండి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ ఆగింది. ముప్పై ఏళ్ళుగా మెకానిక్ మేస్త్రీని, టీకొట్టు ముందు చెమటలు కక్కుతున్నాను. వసంత రెండు చెక్కలు తెచ్చి వేసింది, నన్ను దిగమంది, రివర్సులో ఒక్క ఊపున పెట్టేసింది. "ఇట్టా అయితే తగలదన్నా," అంది, ఎంతో మర్యాదగా. "మేస్త్రీ! ఆయమ్మ కాడ నేర్చుకోవయ్యా పోయి!" అని టీకొట్టు దగ్గర నుంచి ఎవరో అరిచారు. అందరూ ఇకిలించారు.

నేను గుంతలోకి దిగాను. అక్కడ, వెనక చక్రాల దగ్గర, టార్చి వెలుతురులో బ్రేకు పైపు కనిపించింది. ఉప్పుగాలి తిన్న ఇనుము ఎలా ఉంటుందో మా తీరం వాళ్ళకు చెప్పక్కర్లేదు. పైపు పైపొర అప్పడంలా లేచి ఉంది. గోటితో గీకితే ఎర్రపొడి రాలింది. ఒకచోట తడి కూడా ఉంది. పెడల్ గట్టిగా నాలుగుసార్లు తొక్కితే పగిలే పైపు అది. మార్చడం పూట పని. ఇదంతా నాకు చూడగానే తెలిసిపోయింది.

పైనుంచి ఆమె వంగి అడిగింది.

"అన్నా, పైపులన్నీ చూసినావా? సముద్రం కాడ పడుండిన కారంట."

నా పని నాకు నేర్పుతోంది. టీకొట్టు నవ్వు ఇంకా ఆగలేదు.

"చూసినాలేమ్మా," అన్నాను.

మీరు మా వైపు వాళ్ళు కాకపోతే ఈ మాట సంగతి చెప్పాలి. చూసినా అంటే చూశాను. అది అబద్ధం కాదు, నిజంగానే చూశాను. చివర తగిలించిన ఆ 'లే' ఉందే, దానిలోనే ఉంది నా దొంగతనమంతా. చూశాను, అంతా బాగుంది, ఇక నోరు మూసుకో అని దాని అర్థం. మా వైపు ఎవరైనా 'లే' అన్నాక మళ్ళీ అడిగితే అది అవమానించడమే. వసంత మర్యాద తెలిసిన మనిషి. మళ్ళీ అడగలేదు.

ఆమె చావాలని కోరుకున్నానా? లేదు. నా లెక్క వేరు. చుక్క చుక్కగా కారుతుంది, ఆత్మకూరు చేరేలోపు బ్రేకు మెత్తబడుతుంది, లారీకి కట్టి లాక్కొస్తారు, తల దించుకుని నా షెడ్డు ముందు నిలబడుతుంది. అప్పుడు నేను టీ తాగుతూ, ఏమ్మా, పొద్దు మునిగిందా అని అడుగుతాను. అంతే నా కోరిక. ఇంత చిల్లర కోరిక కోసం ఒక మనిషి రెండు ప్రాణాలతో ఆడుకుంటాడా అంటే, ఆడుకున్నాను. మహా పాపులకు కనీసం ఏదో పెద్ద కారణం ఉంటుంది. నాది టీకొట్టు నవ్వు.

బయలుదేరే రోజు పొద్దున షెడ్డు దగ్గరే పూజ. ఆమె బానెట్ కొసన పసుపు రాసి బొట్లు పెట్టింది, మా వాళ్ళు పడవ ముక్కుకు ఇట్నే పెడతారంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది నేను. హారతి తిప్పింది నేను. గుమ్మడికాయ దిష్టి తీసి రోడ్డు మీద పగలగొట్టిందీ నేనే. కర్పూరం కళ్ళకద్దుకుంటూ, అప్పుడు కూడా, ఆగమ్మా ఒక్క పూట అని అనొచ్చు. నోరు తెరిచాను. "క్షేమంగా పోయి రాండి," అన్నాను. శీను నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

ఆత్మకూరు దాటారు. మర్రిపాడు దాటారు. కడప వైపు కొండ దిగేటప్పుడు, మలుపులో, కారు ఆగలేదు. గట్టుకు కొట్టి పల్టీ పడింది. వసంతకు చెయ్యి విరిగి అతుక్కుంది. శీనుకు తుంటి నుజ్జయింది. అప్పటి నుంచి కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేడు. పడవ ఎక్కలేడు, వల లాగలేడు.

ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? మంచివాణ్ణనిపించుకోవడానికే. మంచం చుట్టూ చుట్టాలు. ఆడదానికి ఆ కారెందుకని ఒకడు, ఆ కార్లలో పెడళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, కాలు తప్పి ఉంటుందని ఇంకొకడు. జన్మలో స్టీరింగ్ ముట్టని మొహాలు, తలా ఒక తీర్పు. వసంత నా వైపు తిరిగి అంది: "బ్రేకే తొక్కినా అనుకున్నానన్నా. కాలి కింద మెత్తంగా దిగిపోయె. క్లచ్చి తొక్కినట్టుండా. నువ్వు అన్నీ చూసే పంపిస్తివి, నేనే చెడగొట్టుకుంటి."

బ్రేకు పైపు పగిలితే పెడల్ క్లచ్చి లాగే మెత్తగా కిందికి పోతుంది. ఆ గదిలో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేమ్మా, ఎవురికైనా జరుగుతాది," అన్నాను. కాలు తప్పిందని ఊరంతా అంటోంది, నేను దాని మీద మేస్త్రీ ముద్ర వేశాను.

అంతటితో ఆగితే పిరికివాణ్ణి అనుకుని వదిలేయొచ్చు. వారం తర్వాత నుజ్జయిన కారును లారీలో నా షెడ్డుకే తెచ్చి దించారు. ఇంకెక్కడికి తెస్తారు, నమ్మకమైన మేస్త్రీ కదా! షట్టరు దించి, పగిలిన పైపు ముక్క కోసి, పాత ఇనుప సామాను కుప్పలో కలిపేశాను. మర్నాడు పాత సామాన్లవాడు ఎత్తుకుపోయాడు. చేతులు వణికాయని రాస్తే బాగుంటుంది గానీ, వణకలేదు. నట్టు బిగుసుకుపోయిందని దాన్ని బూతులు తిట్టాను, అంతే గుర్తుంది.

వసంత మళ్ళీ స్టీరింగ్ ముట్టలేదు. వ్యాను ఇచ్చేసింది. ఇప్పుడు గంప నెత్తిన పెట్టుకుని షేర్ ఆటోలో పోతుంది, వెనక సీట్లో, రోడ్డు వైపు చూడకుండా. శీను ఆమెను ఒక్క మాట అనలేదట. ఎవరైనా అడిగితే, పొరపాటు ఎవురికి లేదు అంటాడట. ఆ మంచితనమే ఆమెను రోజూ కోస్తుందని నాకు తెలుసు. ఎలా తెలుసంటారా? నన్ను అన్నా అని ఆమె పిలిచినప్పుడల్లా నాకూ తెగుతుంది. అయినా పలికేవాణ్ణి.

ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకు రాస్తున్నాను? పోయిన వారం వసంత షెడ్డుకు వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. ఆ పిల్లకు పద్దెనిమిది నిండాయి. కావలి కాలేజీలో చదువుతోంది. డ్రైవింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. తల్లి వద్దంటోంది. ఇద్దరికీ మాటా మాటా పెరిగి, తీర్పు చెప్పించుకోవడానికి నా దగ్గరకు వచ్చారు. నా దగ్గరకు!

"నువ్వే చెప్పన్నా దీనికి," అంది వసంత. "బండిలో ఏ లోపం లేదని, తప్పంతా నా కాలుదేనని. నీ మాటైతే ఇంటాది. నా కాలే దీనికి గూడా వచ్చుంటాది, నా మొగుడికి చేసింది రేపు ఇది ఇంకెవురికో చేస్తాది."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. తల్లిలాగే, సరైన ప్రశ్న అడిగే కళ్ళు. "మా అమ్మ పదేళ్ళు నడిపిందంట గదా మామా. క్లచ్చికీ బ్రేకుకీ తేడా తెలవదా?"

ఎంత సులువుగా దారి ఇచ్చింది చూడండి. అవును తల్లీ, తెలుసు అంటే చాలు. నేనేం చేశానో తెలుసా? స్పానర్ కోసం వెతికాను. చేతిలో స్పానర్ పెట్టుకునే వెతికాను. మీ అమ్మ మాట ఇను అని గొణిగాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపులో అసహ్యం ఉంది. ఏ నేరమో తెలియకుండానే మనిషిని సరిగ్గా అంచనా కట్టింది. వాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఒకరి తుంటి విరగ్గొట్టాను, సరే. ఒక ఆడమనిషిని తన కాలినే తను నమ్మకుండా చేశాను, అదీ సరే, ఇన్నాళ్ళూ మింగేశాను. ఇప్పుడు ఆ లేని తప్పు కూతురికి ఆస్తిలా పోతోంది. దాని మీద మళ్ళీ నా ముద్రే పడింది. అది మింగుడుపడలేదు.

ముందు ఆమెకు చెప్పకుండా మీకెందుకు చెబుతున్నానని అడుగుతారు. అడగాల్సిందే. మీరు నన్ను అన్నా అని పిలవరు గనక. ఆమె ఇంటికి వెళ్తానా? షెడ్డు నుంచి గంటన్నర దారి. రెండుసార్లు బయలుదేరాను, రెండుసార్లూ నాయుడుపేట దగ్గర టీ తాగి వెనక్కి వచ్చాను. మూడోసారి గురించి మాట ఇవ్వను. నా మాట విలువ ఎంతో ఇప్పటిదాకా చదివారుగా.

అందుకని కాగితం మీదైనా ఒకసారి, మెలిక లేకుండా, మేస్త్రీగా రాస్తున్నాను. ఆ కారు బ్రేకు పైపు తుప్పు పట్టి ఉంది. అది తెలిసీ నేనే పంపాను. కొండ మీద అది పగిలింది. వసంత కాలు తప్పలేదు. ఆ రోజు ఆమె తొక్కింది బ్రేకే.

ఇది రాశాక ఛాతీ తేలికైంది. సిగ్గులేని ఛాతీ. తేలికైంది నాకే, ఆమె ఇంకా ఇది చదవలేదు.